డేరా కంటే ముందు డాబా మీద ఓ రాత్రి

కార్తీకం వచ్చిందంటే తోటల్లో మకాంలు మొదలవుతాయి. ఈసారి ఇంట్లో కుక్కనూ వెంట తీసుకెళ్దామని పిల్లలు పట్టుబడుతున్నారా? తప్పకుండా తీసుకెళ్లండి. అయితే ఆ తొలి రాత్రి క్షేమంగా గడుస్తుందా లేదా అన్నది తోటకు వెళ్లాక తేలే విషయం కాదు. నెల ముందు ఇంట్లో మీరు చేసే ఏర్పాట్లను బట్టే ఉంటుంది.

వనభోజనాలంటే ఉసిరిచెట్టు కింద విస్తళ్లు వేసుకుని తిని, సాయంత్రానికి ఇల్లు చేరడమే ఇన్నాళ్లూ మనకు అలవాటు. ఇప్పుడు పద్ధతి కొంచెం మారింది. టెంట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. నందిగామలోనో, జగ్గయ్యపేటలోనో ఉద్యోగం చేసుకుంటూ, సొంతూళ్లో నాలుగెకరాల మామిడి తోట ఉన్నవాళ్లు శనివారం సాయంత్రం పిల్లలతో వెళ్లి, రాత్రి అక్కడే పడుకుని, ఆదివారం మధ్యాహ్నానికి తిరిగొస్తున్నారు. మరి ఇంట్లో కుక్క సంగతేమిటి? ఒంటరిగా వదిలి వెళ్లలేరు. పక్కింటి వాళ్లకు అప్పగిస్తే అన్నం ముట్టదు. 'దాన్నీ తీసుకెళ్దాం నాన్నా' అని పిల్లలు బతిమాలితే కాదనడం ఎవరి వల్ల అవుతుంది?

కుక్కను పక్కన పెట్టుకుని ఆరుబయట పడుకోవడం మన మెట్ట ప్రాంతానికి కొత్తేమీ కాదు. పంట కోసిన చేలల్లో ఎరువు కోసం గొర్రెల మంద పెట్టే కాపరులు రాత్రంతా మందతో, కుక్కలతో అక్కడే ఉంటారు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లకు బండ్లు కట్టుకెళ్లి, మునేటి ఒడ్డున వండుకు తిన్న రోజుల గురించి ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. కాకపోతే కాపరి కుక్క పుట్టిందే పొలంలో. పామునూ, పందినీ చూస్తూ పెరిగింది. మన కుక్క టైల్స్ మీద, ఫ్యాను కింద పెరిగింది. పొలం దానికి పూర్తిగా కొత్త. ఏది తినాలో, దేన్ని చూసి ఆగాలో దానికి తెలియదు. నొప్పి పుడితే నోరు విప్పి చెప్పలేదు. పైగా దానికి అంటుకున్న జబ్బుల్లో కొన్ని మన పిల్లలకూ అంటుకుంటాయి. అందుకే దాని కోసం తీసుకునే జాగ్రత్త ఇంటిల్లిపాదికీ పనికొస్తుంది.

దేన్ని తీసుకెళ్లాలి, దేన్ని వద్దు

టీకాల వరస పూర్తికాని పిల్ల కుక్కను ఊరి కుక్కలు తిరిగే చోటుకు తీసుకెళ్లొద్దు. పార్వో, డిస్టెంపర్ లాంటి వైరస్ జబ్బులు పిల్లల్లో ప్రాణాల మీదకు తెస్తాయి. చూడితో ఉన్నదాన్ని, బాగా ముసలిదాన్ని, గుండె జబ్బో మూర్ఛో ఉన్నదాన్ని ఇంట్లోనే ఉంచండి. ఆడకుక్క ఎదకొచ్చి ఉంటే ప్రయాణం వాయిదా వేసుకోండి. లేదంటే చుట్టుపక్కల మగకుక్కలన్నీ రాత్రంతా మీ టెంటు చుట్టూ కొట్లాడుకుంటాయి.

పగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు జాతులకు వేడిని తట్టుకునే శక్తి తక్కువ. కుక్కలకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పడం ద్వారానే వేడిని బయటికి పంపుకోవాలి. ముక్కు పొట్టిగా, శ్వాసమార్గం ఇరుకుగా ఉంటే ఆ రొప్పడం సరిగా సాగదు. హస్కీ లాంటి ఒత్తు బొచ్చు జాతులకూ మన వాతావరణం కష్టమే. ఇలాంటి వాటిని తీసుకెళ్లాలంటే డిసెంబరు, జనవరి తప్ప మరో కాలం ఆలోచించొద్దు.

టీకా పుస్తకం తీయండి

1885 జులై 6న లూయీ పాశ్చర్ ఫ్రాన్స్‌లో కుక్కకాటుకు గురైన తొమ్మిదేళ్ల బాలుడికి రేబిస్ టీకా మొదలుపెట్టాడు. ఆ గుర్తుగానే ఏటా ఆ రోజును జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల నివారణ దినంగా జరుపుతారు. ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఆ రోజు పెంపుడు కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తుంటారు. ఇన్నేళ్లు గడిచినా ఒక్క విషయం మారలేదు. లక్షణాలు బయటపడ్డాక రేబిస్ నుంచి బతికి బయటపడటం దాదాపు అసాధ్యం. మనుషులకు వచ్చే రేబిస్‌లో 99 శాతం దాకా కుక్కల ద్వారా వచ్చేదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

కుక్కకు మూడో నెలలో మొదటి రేబిస్ టీకా వేయిస్తారు. ఆ తర్వాత వైద్యుడు చెప్పినప్పుడు బూస్టరు, అక్కడి నుంచి ఏటా ఒకటి. మొదటి టీకా వేశాక రక్షణ ఏర్పడటానికి మూడు, నాలుగు వారాలు పడుతుంది. అందుకే ప్రయాణానికి కనీసం నెల ముందు టీకా పుస్తకం తీసి తేదీలు చూసుకోవాలి. బయల్దేరే ముందురోజు సూది వేయించి, ఇక భయం లేదనుకుంటే లాభం లేదు.

అదే పుస్తకంలో లెప్టోస్పైరోసిస్ టీకా ఉందో లేదో చూడండి. ఎలుకల మూత్రంతో కలుషితమైన నీళ్ల ద్వారా, బురద ద్వారా వచ్చే జబ్బు ఇది. వరి మడుల పక్కన, కాలువ గట్ల మీద తిరిగితే మనుషులకూ రావచ్చు. తీవ్ర జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడటం, కొందరిలో కామెర్లు దీని లక్షణాలు. నులిపురుగుల మందు కూడా వేయించండి. కుక్క మలంలోని కొంకిపురుగు లార్వా మట్టిలో చేరి, చెప్పుల్లేకుండా ఆడుకునే పిల్లల పాదాల చర్మంలోకి దూరుతుంది. మెలికలు తిరిగిన ఎర్రటి గీతల్లా దద్దుర్లు వచ్చి విపరీతమైన దురద పెడుతుంది. అందుకే తోటలోనైనా సరే, కుక్క మలాన్ని వెంటనే తీసి లోతుగా పూడ్చేయాలి. పిల్లల కాళ్లకు చెప్పులుండాలి.

మూడు వారాల సాధన

చాలామంది వదిలేసే పని ఇదే. కొత్త చోట, కొత్త చీకట్లో, కొత్త గుడ్డ ఇంట్లోకి దూరి పడుకోమంటే ఏ కుక్కయినా బెదురుతుంది. బెదిరిన కుక్క పారిపోతుంది, లేదా దగ్గరికొచ్చిన వాళ్లను కరుస్తుంది. ఈ బెదురు పోగొట్టడానికి ఖర్చేమీ అక్కర్లేదు. రోజూ పావుగంట సమయం చాలు.

మొదటి వారం టెంటును హాల్లో వేసి వదిలేయండి. కుక్క దాన్ని వాసన చూసి, లోపలికి వెళ్లి, బయటికొచ్చి అలవాటు చేసుకుంటుంది. రోజూ పడుకునే గోనెసంచో, పాత దుప్పటో అందులో పరవండి. బలవంతంగా లోపలికి తోయొద్దు. రెండో వారం పిలిస్తే రావడం నేర్పండి. పేరు పెట్టి పిలవాలి. వచ్చిన ప్రతిసారీ చిన్న ముక్క ఏదైనా పెట్టాలి. ఛాతీ పట్టీ వేసి, ఆరడుగుల తాడుతో కట్టి, మీరు పక్కనే కూర్చుని పేపరు చదువుకోండి. కట్టేస్తే శిక్ష కాదని దానికి అర్థమవ్వాలి.

మూడో వారం డాబా ఎక్కండి. చుట్టూ పిట్టగోడ ఉందో లేదో చూసుకుని, టెంటు వేసి కుటుంబమంతా ఓ రాత్రి అక్కడే పడుకోండి. అర్ధరాత్రి ఎన్నిసార్లు లేస్తుంది, దేనికి మొరుగుతుంది, తెల్లవారి ఎన్ని గంటలకు బయటికెళ్లాలని గోల చేస్తుంది... అన్నీ ఆ ఒక్క రాత్రిలో తెలిసిపోతాయి. కింద గది తలుపు తీసే ఉంటుంది కాబట్టి కంగారు లేదు. డాబా మీద నిద్రపోని కుక్క తోటలో అసలే నిద్రపోదు. అలాంటప్పుడు ఇంకో రెండు వారాలు సాధన చేయించి, ఆ తర్వాతే బయల్దేరండి.

ఇంకో చిన్న విషయం. కార్తీకం మొదలయ్యేది దీపావళి మర్నాడే. టపాసుల మోతకు హడలిపోయిన కుక్క తేరుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. మొదటి వారం వదిలేసి, నెల చివర్లో వచ్చే శని, ఆదివారాలు పెట్టుకోండి.

చోటు ఎక్కడ?

తొలిసారికి సొంత తోటో, బాగా తెలిసినవాళ్ల తోటో మేలు. ఇంటి నుంచి గంట లోపు చేరేలా ఉండాలి. ఫోను సిగ్నల్ అందాలి. దగ్గర్లో నీడ, మంచినీళ్లు ఉండాలి.

వేదాద్రి, ముక్త్యాల దగ్గర కృష్ణ ఒడ్డు చూడముచ్చటగా ఉంటుంది. పగటిపూట వెళ్లి రండి, రాత్రి మకాం మాత్రం ఒడ్డున పెట్టొద్దు. ఎగువన పులిచింతల ప్రాజెక్టు ఉంది. గేట్లెత్తినా, విద్యుదుత్పత్తికి నీళ్లు వదిలినా ప్రవాహం పెరుగుతుంది. 2021 ఆగస్టు 5న ఆ ప్రాజెక్టు గేటు ఒకటి కొట్టుకుపోయినప్పుడు దిగువ గ్రామాలను అప్రమత్తం చేయాల్సి వచ్చింది. మునేరు సంగతీ అంతే. 2023 జులైలో అది పొంగి ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీదికే వచ్చేసింది. వాగులు ప్రశాంతంగా ఉన్న రోజుల్లోనూ ఇసుక తవ్విన గుంతలు పైకి కనిపించవు. జగ్గయ్యపేట చుట్టుపక్కల సున్నపురాయి తవ్వి వదిలేసిన గుంతల్లో నీళ్లు నిలిచి ఉంటే అటువైపు పోనివ్వొద్దు. అంచులు నిటారుగా ఉంటాయి. దిగిన కుక్క ఎక్కి రాలేదు. దాన్ని కాపాడబోయి మనుషులు మునిగిపోయే ప్రమాదమూ ఉంది.

రిజర్వు అడవుల్లో అనుమతి లేకుండా మకాం వేయడం, నిప్పు రాజేయడం నేరం. అభయారణ్యాల్లోకి కుక్కను అసలు తీసుకెళ్లకూడదు. దానికి కారణం లేకపోలేదు. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో కుక్కల డిస్టెంపర్ వైరస్ సోకి దాదాపు మూడో వంతు సింహాలు చనిపోయాయి. 2018లో మన గుజరాత్‌లోని గిర్ అడవుల్లోనూ అదే వైరస్ సింహాలను బలి తీసుకుంది. మన కుక్క అడవికి ప్రమాదం, అడవి మన కుక్కకు ప్రమాదం.

హైవే మీద

బయల్దేరడానికి మూడు గంటల ముందే అన్నం పెట్టేయండి. కడుపు నిండా తిని కారెక్కితే వాంతి చేసుకుంటుంది. వెనక సీట్లో కూర్చోబెట్టి, ఛాతీ పట్టీని సీటు బెల్టుకు తగిలించండి. కిటికీలోంచి తల బయట పెట్టనివ్వొద్దు. దుమ్ము, పురుగులు కళ్లలో పడతాయి.

విజయవాడ, హైదరాబాద్ రహదారి మీద లారీల వేగం మనకు తెలిసిందే. టీ కోసం ఆగినప్పుడు తాడు చేతికి తీసుకున్నాకే తలుపు తీయండి. తలుపు తీసీ తీయగానే బయటికి దూకిన కుక్క నేరుగా రోడ్డు మీదికి పరుగెత్తుతుంది. 'ఐదు నిమిషాలే కదా' అని మూసిన కారులో వదిలి వెళ్లొద్దు. ఎండలో నిలిపిన కారు లోపల పది నిమిషాల్లోనే వేడి బాగా పెరిగిపోతుంది. అద్దం కొంచెం దించినా పెద్దగా ఉపయోగం ఉండదు.

కుక్క మామూలు శరీర ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. 104 దాటితే ప్రమాదం మొదలైనట్టు. ఆగకుండా రొప్పడం, చొంగ కారడం, చిగుళ్లు బాగా ఎర్రబడటం, తూలడం, వాంతులు వడదెబ్బ గుర్తులు. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా తడిసేలా చల్లని నీళ్లు పోస్తూ విసరండి. స్పృహలో ఉంటే కొంచెం కొంచెంగా నీళ్లు తాగించండి. కాస్త చల్లబడ్డాక ఏసీ వేసి పశువైద్యశాలకు తీసుకెళ్లండి. మన మెట్టలో ఎండాకాలం 44, 45 డిగ్రీలు కొత్త కాదు. అందుకే ఈ సరదాకు నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే సమయం. ఆ నెలల్లోనూ మధ్యాహ్నం నేల కాలుతుంటే నడిపించొద్దు. అరచేతి వెనక భాగాన్ని ఐదు సెకన్లు నేలకు ఆనించి చూడండి. మీరు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు.

పచ్చని చేలో కనపడని విషం

మన ప్రాంతంలో పత్తి, మిర్చి ఎక్కువ. ఈ రెండు పంటలకూ పురుగుమందుల వాడకం ఎక్కువే. మందు కొట్టిన చేలో తిరిగిన కుక్క ఒంటికి, పాదాలకు అది అంటుకుంటుంది. ఆ తర్వాత నాక్కుంటూ మింగేస్తుంది. గట్టు మీద పడేసిన ఖాళీ డబ్బా, మందు కలిపిన డ్రమ్ములో మిగిలిన నీళ్లు ఇంకా ప్రమాదం. చొంగ ధారగా కారడం, వాంతులు, విరేచనాలు, కండరాలు అదరడం, కంటిపాప చిన్నదైపోవడం, ఫిట్స్ కనిపిస్తే మోనోక్రోటోఫాస్ లాంటి మందు లోపలికి వెళ్లిందని అనుమానించాలి. దీనికి అట్రోపిన్ ఇంజెక్షన్ విరుగుడుగా వాడతారు. ఎంత మోతాదులో ఇవ్వాలో పశువైద్యుడే చూసుకుంటారు. ఒంటికి మందు అంటితే మీరు చేతులకు తొడుగులు వేసుకుని సబ్బుతో కడగండి. ఉప్పునీళ్లు తాగించి కక్కించే పాత పద్ధతి పనికిరాదు. ఎక్కువైన ఉప్పే కుక్కకు విషమవుతుంది.

ఎలుకల మందు సంగతి మరీ జాగ్రత్త. బియ్యపు నూకల్లో నూనె వేసి జింక్ ఫాస్ఫైడ్ కలిపి కలుగుల్లో పెడతారు. ఆ వాసనకు కుక్క మూతి పెడుతుంది. కడుపులోకి వెళ్లాక దాని నుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు పుడుతుంది. అది తిన్న కుక్క వాంతి చేసుకుంటే ఆ వాసన పీల్చిన మనుషులకూ ప్రమాదమే. కారు అద్దాలు పూర్తిగా దించి తీసుకెళ్లాలి. బ్రోమాడియోలోన్ రకం మందు వేరేలా పనిచేస్తుంది. అది రక్తం గడ్డకట్టే గుణాన్ని దెబ్బతీస్తుంది. లక్షణాలు బయటపడటానికి కొన్ని రోజులు పడుతుంది. ఏ మందో తెలిస్తే వైద్యం సులువు కాబట్టి ప్యాకెట్టు దొరికితే వెంట తీసుకెళ్లండి.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని చాలా తేలిక. తోటలో అడుగు పెట్టగానే కాపలా ఉండే పెద్దాయన దగ్గరికి వెళ్లి, 'బాబాయ్, పక్క చేలకు ఈ వారంలో మందేమన్నా కొట్టారా? ఎలుకలకు ఎక్కడైనా పెట్టారా? పందుల కోసం కరెంటు తీగ ఎవరైనా లాగారా?' అని అడగండి. అడవి పందులను ఆపడానికి కొందరు చట్టవిరుద్ధంగా పెట్టే కరెంటు తీగలకు కుక్కలే కాదు, మనుషులూ బలవుతున్నారు. ఆయన చెప్పే మూడు ముక్కలు మీ పిల్లల ప్రాణానికీ రక్షణే. చీకటి పడ్డాక తోట సరిహద్దు దాటొద్దు.

గోమార్లు, పాములు

పశువులు తిరిగే చోట గోమార్లు తప్పవు. కొందరు పిడుదులంటారు. ఇవి రక్తం తాగడంతో ఊరుకోవు. ఎర్లీషియా లాంటి సూక్ష్మక్రిములను కుక్క రక్తంలోకి ఎక్కిస్తాయి. జ్వరం, తిండి మానేయడం, చిగుళ్లు పాలిపోవడం, కొన్నిసార్లు ముక్కు నుంచి రక్తం కారడం దీని లక్షణాలు. ప్రయాణానికి ముందే పశువైద్యుడి సలహాతో గోమార్ల మందు వేయించండి. ఇంట్లో పిల్లి కూడా ఉంటే ఆ మాట వైద్యుడికి చెప్పాలి. కుక్కలకు వాడే పర్మెత్రిన్ పిల్లులకు ప్రాణాంతకం. మనం పూసుకునే దోమల క్రీములు కుక్కకు పూయొద్దు.

నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర... మన దేశంలో ఎక్కువ మరణాలకు కారణమయ్యేవి ఈ నాలుగే. రక్తపింజర బుస కొడుతుంటే కుక్క వెనక్కి తగ్గకుండా ఇంకా దగ్గరికెళ్లి వాసన చూస్తుంది. అందుకే ఎక్కువగా మూతి మీద, ముందుకాళ్ల మీద కాటు పడుతుంది. అలా జరిగితే కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం ఏదీ వద్దు. కుక్కను నడిపించకుండా ఎత్తుకుని పశువైద్యశాలకు చేర్చండి. మనుషులకు వాడే విరుగుడు మందునే కుక్కకూ ఇస్తారు. పాము కోసం వెతుకుతూ సమయం పోగొట్టుకోవద్దు.

కట్లపాముతో మనుషులకే ముప్పు ఎక్కువ. రాత్రిళ్లు నేల మీద పడుకున్నవాళ్లను కాటేస్తుంది. నొప్పి, వాపు అంతగా ఉండవు. తెల్లవారుజామున పిల్లలు కడుపునొప్పి అంటున్నా, కనురెప్పలు వాలిపోతున్నా, మాట ముద్దగా వస్తున్నా వెంటనే 108కి ఫోన్ చేయండి. టెంటుకు అడుగున గుడ్డ, నిలువునా జిప్పు ఉన్నదే కొనండి. టెంటు లేకపోతే మంచం మీద దోమతెర కట్టుకుని, దాని అంచులు పరుపు కిందికి దోపుకోండి. ఉదయం బూట్లు దులపకుండా వేసుకోవద్దు.

వంట దగ్గర

తోటలో పొయ్యి వెలిగించాక కుక్క అక్కడి నుంచి కదలదు. దానికి పెట్టకూడనివి ఇంట్లో అందరికీ ముందే చెప్పండి. ఉల్లి, వెల్లుల్లి దాని రక్తకణాలను దెబ్బతీస్తాయి. కాబట్టి కూర, బిర్యానీ, మసాలా ముక్క ఏదీ వద్దు. ఎండుద్రాక్ష కొన్ని కుక్కల్లో కిడ్నీలను పాడు చేస్తుంది. 'ప్రసాదమే కదా' అని చక్కెర పొంగలి పెట్టేవాళ్లుంటారు. అందులో ఉండేది అదే. చాక్లెట్, చక్కెర లేని చూయింగ్ గమ్ కూడా విషమే. ఉడికిన కోడి ఎముక నిట్టనిలువునా చీలి పేగులో గుచ్చుకుంటుంది. మొక్కజొన్న పొత్తు తిన్నాక మిగిలే బెండు, మామిడి టెంక మింగితే పేగుకు అడ్డం పడి ఆపరేషన్ దాకా వెళ్తుంది.

రోజూ ఏం తింటుందో అదే తీసుకెళ్లండి. పెరుగన్నం అలవాటైతే పెరుగన్నం, గింజల ఆహారమైతే అదే. ఇంటి నుంచి నీళ్లు కూడా తీసుకెళ్తే మంచిది. కాలువ నీళ్లు, నిలిచిన నీళ్లు తాగనివ్వొద్దు. పొయ్యికి పది అడుగుల దూరంలో దానికో చోటు చూపించి కట్టండి. అది తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు పిల్లలు ముట్టుకోకూడదన్నది తప్పనిసరి నియమం. ఇంట్లో ఎంత సాధువైనా, కొత్త చోట ఉలిక్కిపడి లేస్తే పన్ను దిగొచ్చు.

రాత్రి, మొరుగుడు, ఊరి కుక్కలు

చలిమంట చల్లారాక కుక్క మీతోపాటు టెంట్లోనే పడుకోవాలి. బయట చెట్టుకు కట్టి వదిలేస్తే ఊరి కుక్కలు మీద పడతాయి. తాడు మెడకు చుట్టుకునే ప్రమాదమూ ఉంది. టెంట్లో బొగ్గుల కుంపటి పెట్టొద్దు. మూసిన చోట దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పడుకునే ముందోసారి, తెల్లవారగానే ఓసారి తాడుతోనే బయటికి తీసుకెళ్లండి. చేతిలో టార్చి ఉండాలి. మొరిగిన ప్రతిసారీ అరవకుండా, లేచి టార్చి వేసి చూసి, 'ఏం లేదురా' అని తట్టండి. ఆ గొంతు వింటే అది నెమ్మదిస్తుంది.

ఊరి కుక్కలు ఎదురైతే రాళ్లు విసరొద్దు. తాడు దగ్గరికి లాక్కుని, ప్రశాంతంగా వెనక్కి నడవండి. ఒకవేళ మీ కుక్కను కరిస్తే ఆ గాయాన్ని చేతి తొడుగులతో సబ్బు పెట్టి కడిగి, టీకాలు ఉన్నా సరే పశువైద్యుడికి చూపించండి. మళ్లీ టీకాలు అవసరమవుతాయి.

మనుషుల్లో ఎవరిని ఏ కుక్క కరిచినా, అది మీ పెంపుడు కుక్కే అయినా, ముందు గాయాన్ని ధారగా పారే నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పూయొద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. చర్మంలోకి ఇచ్చే టీకాను 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చేలా కరిస్తే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాలి. ప్రభుత్వాసుపత్రిలో అడగండి. కరిచిన కుక్కను పది రోజులు గమనించాలంటారు. అది బాగుందో లేదో చూశాక టీకా మొదలుపెడదామని మాత్రం ఆగకండి.

తిరిగొచ్చాక

ఇల్లు చేరాక అలసిపోయి అందరూ పడుకుంటారు. కుక్కకు మాత్రం ఇంకో అరగంట కేటాయించండి. చెవుల లోపల, వేళ్ల సందుల్లో, మెడ బెల్టు కింద, చంకల్లో, తొడల లోపల వేళ్లతో తడిమి చూడండి. గోమారి దొరికితే ప్లక్కర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా, నిటారుగా లాగండి. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం, వేళ్లతో నలపడం వద్దు. ఆపై స్నానం చేయించండి. మూడు వారాల వరకు దాని తిండి, మూత్రం రంగు, హుషారు గమనిస్తూ ఉండండి.

మీ పిల్లలనూ అలాగే చూడండి. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి కనిపించనంత చిన్న పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ వస్తుంది. అది కుక్క నుంచి వచ్చేది కాదు గానీ, కుక్కతోపాటు పొదల్లో దూరిన పిల్లలకు వచ్చే వీలుంది. చంకలో, గజ్జల్లో, నడుము దగ్గర నల్లటి పెచ్చు కట్టిన చిన్న పుండు దాని గుర్తు. అందరిలోనూ అది కనిపించదు. సకాలంలో గుర్తిస్తే డాక్సీసైక్లిన్ లాంటి మామూలు మందుతోనే నయమవుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి. కాబట్టి మకాం వెళ్లొచ్చిన నాలుగు వారాల్లో ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా డాక్టరుకు ఒక్క మాట చెప్పండి. 'మేం ఫలానా రోజు తోటలో పడుకున్నాం, మా కుక్కా మాతో ఉంది' అని. సగం పరీక్షలు తగ్గుతాయి, సరైన మందు ముందే మొదలవుతుంది.

సంచిలో ఇవి ఉన్నాయా?

* టీకా పుస్తకం, దాని మొదటి పేజీ ఫొటో మీ ఫోన్లో
* మీ ఫోన్ నంబరు రాసిన బిళ్లతో మెడ బెల్టు, ఛాతీ పట్టీ, రెండు తాడులు
* ఇంటి ఆహారం, రోజూ తాగే గిన్నె, కనీసం నాలుగు లీటర్ల నీళ్లు
* పాత దుప్పటి, తువ్వాలు, మలం తీయడానికి కవర్లు, చిన్న పార
* సబ్బు, దూది, గాజుగుడ్డ, చేతి తొడుగులు, ప్లక్కర్, టార్చి
* మనం వేసుకునే పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ కుక్కకు వేయొద్దు. ఆ మాత్రలు దానికి అందకుండా పెట్టండి
* మీకు దగ్గర్లోని పశువైద్యుడి నంబరు. సంచార పశువైద్య సేవల నంబరు 1962. పరిస్థితి విషమిస్తే విజయవాడ దాటాక గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. రాత్రివేళ ఎవరు అందుబాటులో ఉంటారో బయల్దేరే ముందే కనుక్కోండి